ప్రవణత – వాలు

సందేహం: మా అబ్బాయి భూగోళం పరీక్షలో ‘కాంటూరు పటం ఆధారంగా ప్రవణత కనుగొనుము’ అని ఇచ్చారు. వాడు ‘వాలు 20కి 1’ అని రాస్తే మాస్టారు ‘వాలు’ కొట్టేసి ‘ప్రవణత’ అని దిద్దారు. భక్తిప్రవణత విన్నాం గానీ, కొండకు ప్రవణత ఏమిటి? వాలు అంటే తప్పా?
– ఒక పాఠకురాలు, కర్నూలు

సమాధానం: అమ్మా, ప్రశ్న తిరగేసి అడిగారు. ప్రవణత మొదట నేలదే; భక్తులకు తర్వాత అబ్బింది. ఋగ్వేదం ఇంద్రుడి దాతృత్వాన్ని ‘అపామివ ప్రవణే’ అంటుంది: పల్లానికి ఉరికే నీళ్ళలా ఆపతరం కానిదని. అమరకోశ నిఘంటుకర్త అమరసింహుడు ప్రవణానికి ‘క్రమనిమ్నోర్వి’ అని అర్థం చెప్పాడు. ఉర్వి నేల, నిమ్నం పల్లం. ఇక ఆ ‘క్రమ’ చూడండి! ఉన్నట్టుండి తెగిపడే గట్టు కాదు, క్రమంగా దిగే నేల. ఎంత దూరానికి ఎంత దిగిందన్న మీవాడి లెక్కంతా ఆ రెండక్షరాల్లోనే ఉంది. అదే పంక్తిలో ‘వంగినవాడు, వినయశీలి’ అన్న అర్థమూ ఉంది. భక్తిప్రవణుడు అటునుంచి వచ్చినవాడే. ప్రవణ శబ్దం పుంలింగమైతే నాలుగు దారుల కూడలి అని అర్థం. అది మనకక్కర్లేదు. ఇప్పటి సినిమా సమీక్షల్లో నాయిక కంటతడి పెడితే చాలు, ‘భావప్రవణత’ అనేస్తున్నారు. భావం వైపు మొగ్గే గుణం అది, ఏడుపుకు పర్యాయపదం కాదు.

లెక్క సంగతి. ఒకే ఎత్తున్న చోట్లను కలుపుతూ పటంమీద గీసేదే కాంటూరు గీత. సర్వే ఆఫ్ ఇండియా 1:50,000 పటాల్లో కాంటూరు గీతకూ గీతకూ మామూలుగా 20 మీటర్ల ఎత్తు తేడా. 300 మీటర్ల గీత నుంచి 400 మీటర్ల గీతకు ఎక్కితే ఎత్తు 100 మీటర్లు. మధ్య దూరం పటంమీద 4 సెంటీమీటర్లయితే నేలమీద 2,000 మీటర్లు. అంటే 20కి 1, లేదా 5 శాతం. స్కేలు మాత్రం గీతలకు లంబంగా, నీళ్ళు జారే దారినే పెట్టాలి. పక్కకు ఒరిగితే దూరం పెరిగి వాలు తగ్గుతుంది. ఘాట్ రోడ్లు మెలికలు తిరిగేది అందుకే. అన్నట్టు, నూరు శాతం వాలంటే నిట్టనిలువు అనుకునేవాళ్ళున్నారు. అది 45 డిగ్రీలే!

వాలు అచ్చతెలుగు మాట. పొద్దూ వాలుతుంది, పిట్టా వాలుతుంది. కత్తి అనే అర్థమూ ఉంది. డాబామీద నీళ్ళు నిలవకుండా తాపీమేస్త్రి ‘వాటం’ ఇస్తాడు. ప్రవణత ఇవ్వమంటే తాపీ కింద పెట్టి మన మొహం చూస్తాడు. నేల ఒరిగి ఉండటం వాలు, ఆ ఒరుగుకు కట్టిన లెక్క ప్రవణత అనుకుంటే చాలావరకు పేచీ ఉండదు. అయితే ‘20కి 1 వాలు’ అన్నదాన్ని నేనైతే కొట్టేయను. మార్కులు వేసేది నేను కాదు గనుక, పరీక్షలో మాత్రం ప్రవణత అనే రాయమనండి.