బడుల సంఖ్య సరే, చీటీ ఎక్కడ ఆగిందో చూశారా?

మహారాష్ట్రలో తెలంగాణ సరిహద్దున ఉన్న ధర్మాబాద్ దగ్గర మూడు జెడ్పీ బడుల పిల్లలకి ఆస్పత్రి, స్కాలర్‌షిప్, దాఖలాల (సర్టిఫికెట్ల) పనులు జరిగేలా చూసే చిన్న సంస్థ మీది. వచ్చే జూన్‌కల్లా ఇరవై బడులు చేయమని దాత అంటున్నారు, ఒప్పుకోవాలా అని అడిగారు. ఒప్పుకోకండి. డబ్బు తీసుకోండి, కానీ మనుషుల జీతాలకి అడగండి. నేను అదే సరిహద్దున గడ్చిరోలి జిల్లా సిరొంచ వైపు ఇదే పనిలో ఉన్నాను.

మా దగ్గర సేవలు అసలే లేవని కాదు. ఆర్‌బీఎస్‌కే (పిల్లల ఆరోగ్య పరీక్షల ప్రభుత్వ పథకం) డాక్టర్ల బృందం ఏడాదికోసారి బడికి, రెండుసార్లు అంగన్‌వాడీకి రావాలి, వస్తుంది కూడా. పిల్లల్ని చూసి, అవసరమైతే పెద్దాస్పత్రికి చీటీ రాస్తుంది. చిక్కంతా ఆ తర్వాతే. ఐదో తరగతి పిల్ల ఒకతి బోర్డు కనబడక పక్కపిల్ల నోట్‌బుక్ చూసి రాసుకునేది. ఆమెకు కళ్ల కోసం రాసిచ్చిన చీటీ కంపాస్ బాక్సులో నాలుగు మడతలుగా ఉండిపోయింది. చీటీ ఏమో మరాఠీలో, ఇంట్లో ఉన్న నానమ్మకి తెలుగు తప్ప రాదు. అమ్మానాన్నలు మిరపకాయలు ఏరడానికి ములుగు వైపు వెళ్లారు. గడ్చిరోలి జిల్లా ఆస్పత్రి మాకు రెండు వందల కిలోమీటర్లు, ఆ రోడ్డు సంగతి చెప్పక్కర్లేదు. వరంగల్ దగ్గరే గానీ, ఆపరేషన్ దాకా వస్తే ఆరోగ్యశ్రీ తెలంగాణ కార్డు ఉన్నవాళ్లకే. చివరికి తాలూకా ఆస్పత్రిలో కళ్లు చూసే రోజు కనుక్కుని, ఆశా తాయిని (ఆశా కార్యకర్తని) బతిమాలి వెంట పంపాం. అద్దాలు చేతికొచ్చేసరికి మిరప పని అయిపోయి వాళ్లమ్మ తిరిగొచ్చింది.

ఇంత తిరుగుడుకి ఒక మనిషి కావాలి. మాస్టారికి పాఠాలు, మధ్యాహ్న భోజనం లెక్కలు, ఆన్‌లైన్ ఎంట్రీలతోనే సరిపోతుంది.

అమెరికాలో ఇదే పని చేసే ‘కమ్యూనిటీస్ ఇన్ స్కూల్స్’ ఎలా పెరిగిందో చూడండి. 1960లలో న్యూయార్క్‌లో బడి మానేసిన కుర్రాళ్లతో పనిచేసిన బిల్ మిల్లికెన్ 1977లో దాన్ని మొదలుపెట్టారు. అప్పట్లో ‘సిటీస్ ఇన్ స్కూల్స్’ అనేవారు. వాళ్ల పద్ధతిలో అసలు కీలకం బడిలోనే కూర్చునే సమన్వయకర్త. సేవలన్నీ సొంతంగా ఇవ్వరు, ఊళ్లో ఉన్నవాటిని బడి దాకా రప్పిస్తారు. ఒకే పెద్ద ఆఫీసు కింద కాకుండా, ఏ ఊరికా ఊరు సొంత బోర్డు ఉన్న శాఖలుగా విస్తరించారు.

అంత పేరున్న సంస్థకి కూడా ఫలితాలు అన్నిచోట్లా రాలేదు. ఎండీఆర్‌సీ అనే పరిశోధన సంస్థ 2017లో ఇచ్చిన నివేదిక ప్రకారం, ఎంపిక చేసిన పిల్లలకి రెండేళ్లు విడిగా తోడుగా ఉన్నా హాజరులో, మార్కుల్లో చెప్పుకోదగ్గ మెరుగు రాలేదు. కాబట్టి హాజరు ఇంత శాతం పెంచుతామని దాతకి మాటివ్వకండి. రాసిన చీటీలు ఎన్ని, ఆస్పత్రి దాకా వెళ్లినవి ఎన్ని, పని పూర్తయినవి ఎన్ని అనే లెక్క ఇవ్వండి. ఫోటోలు, బ్యానర్లు అడిగే దాత అయితే ఈ లెక్క నచ్చదు. అది వాళ్లిష్టం.

పెంచాలనుకుంటే ఒకే కేంద్ర ప్రముఖ్ (దగ్గరదగ్గర బడుల్ని కలిపి చూసే అధికారి) కింద ఉన్న బడులు తీసుకోండి. ఆ బడులన్నిటికీ పీహెచ్‌సీ, తలాఠీ (గ్రామ రెవెన్యూ ఉద్యోగి) చాలావరకు ఒకరే ఉంటారు, ఒక మనిషి నాలుగైదు బడులు తిరగగలడు. ఇరవై బడులు నాలుగు తాలూకాల్లో చెదిరితే పెట్రోలుకే సరిపోతుంది. విద్యాహక్కు చట్టం ప్రకారం బడి యాజమాన్య కమిటీలో ముప్పాతిక మంది తల్లిదండ్రులే, సగం మంది మహిళలు ఉండాలి. ఆగిన చీటీల జాబితాని ప్రతి మీటింగులో చదివించండి. తెలుగులో చదివించండి, తల్లులే వెంటపడతారు.

జాతి దాఖలాల (కుల సర్టిఫికెట్ల) పని మాత్రం జూన్ దాకా ఆపకండి. అడ్మిషన్ల టైమ్‌లో తహసీల్ ఆఫీసు దగ్గర నిలబడటానికి చోటుండదు. తాతల కాలంలో సరిహద్దు అవతలి నుంచి వచ్చిన కుటుంబాలకైతే పాత కాగితాలు వెతకడానికే నెలలు పడుతుంది.