ముఠాల నవల రాస్తున్న నీకు

చిరంజీవికి,

రాతప్రతి చదివాను. పదో అధ్యాయంలో ఇంటర్‌పోల్ అధికారి తుపాకీతో తలుపు బద్దలుకొట్టి ముఠా నాయకుణ్ణి పట్టుకున్నాడు. అది తీసెయ్యి. ఇంటర్‌పోల్‌కు అరెస్టు చేసే అధికారం లేదు. ఫ్రాన్స్‌లోని లియోన్‌లో కూర్చుని దేశాల పోలీసుల మధ్య సమాచారం నడుపుతుంది, అంతే. రెడ్ నోటీసు కూడా వారంటు కాదు, 'ఈ మనిషి కనబడితే ఆపండి' అనే విన్నపం. దానికి ఎంత విలువ ఇవ్వాలో ఏ దేశం చట్టం దానిది. పట్టుకునేది స్థానిక పోలీసులే. ఆపైన పట్టుబడ్డవాణ్ణి అడిగిన దేశానికి అప్పగించాలా వద్దా అనే విచారణ ఉంటుంది. మామూలుగా, అతను చేసిన పని రెండు దేశాల్లోనూ నేరమై ఉండాలి, కొన్ని దేశాలైతే సొంత పౌరుల్ని అసలు అప్పగించవు. నీ తుపాకీ కన్నా ఆ కోర్టు గదిలోనే ఉత్కంఠ ఎక్కువ.

పైన ఒక డాన్, కింద వందమంది అని రాశావు. ఇటలీలోని కలాబ్రియా ప్రాంతపు ఎన్‌డ్రాంగెటా లాంటి ముఠాలు రక్తసంబంధాల మీదే నిలబడ్డాయి, నిజమే. కానీ సరుకు ఖండాలు దాటేటప్పుడు పని ముక్కలవుతుంది. కొనేవాడు, రేవులో ఎక్కించేవాడు, దించేవాడు, డబ్బు తిప్పేవాడు... ఒకడికి ఇంకొకడి పేరు కూడా తెలియకపోవచ్చు. ఐక్యరాజ్యసమితి 2000లో ఆమోదించిన పలెర్మో ఒప్పందం ప్రకారం ముఠా అనడానికి ముగ్గురు చాలు.

కథంతా చేతులు మారే చోటే ఉంది. ఏ పాపం తెలియని ఎగుమతిదారు అరటిపళ్ల కంటైనర్‌లో, తలుపు పక్కనే కొకైన్ సంచులు పెట్టి నకిలీ సీలు వేస్తారు. అవతలి రేవులో వాళ్ల మనిషి సంచులు లాగేసి ఇంకో నకిలీ సీలు బిగించాలి. ఈలోగా ఆ తలుపు మరో కంటైనర్‌కు ఆనుకుపోయిందనుకో! సంచులు అరటిపళ్లతో పాటే గోదాముకు చేరి కూలీల కంటపడతాయి. ఆ నష్టం ఎవరి నెత్తిన పడుతుందన్నదే నీ రెండో భాగం.

డబ్బు వెనక్కి వచ్చే దారి మాత్రం నువ్వు రాయనే లేదు. హవాలాలో నోట్ల కట్టలు సరిహద్దు దాటనక్కర్లేదు. సొమ్ము తీసుకోవాల్సినవాడు తన దగ్గరున్న ఏదో ఒక నోటు నంబరు పంపుతాడు. ఆ నోటు చూపితేనే డబ్బు చేతికొస్తుంది. ఇక్కడా అక్కడా ఉన్న హవాలా వ్యాపారుల మధ్య బాకీ తర్వాత తీరుతుంది, చాలాసార్లు దొంగ బిల్లుతో. పది విలువచేసే సరుకుకు ముప్పై అని రాస్తే, మిగతా ఇరవై బ్యాంకు గుండానే దర్జాగా దాటుతుంది. ఆ బిల్లు రాసే గుమస్తాను పాత్ర చెయ్యి. డాన్ కన్నా వాడికే ఎక్కువ తెలుసు.

నీ డాన్ 'ఎవరికీ దొరకని ఫోన్' వాడుతున్నాడు. కథాకాలం చూసుకో. 2021 జూన్‌లో గుట్టు బయటపడిన అనోమ్ ఫోన్లను, అంటే ముఠాలు రహస్య సందేశాలకు వాడిన ఫోన్లను, చాటుగా నడిపింది అమెరికా ఎఫ్‌బీఐయే. 800 మందికి పైగా అరెస్టయ్యారు. ఆ తర్వాత అంత ధీమా ఎవడికుంటుంది?

ఇక ఏడో అధ్యాయం. తనంతట తాను డబ్బిచ్చి సరిహద్దు దాటినవాడికీ దళారికీ లెక్క సాధారణంగా అవతలికి చేరగానే తీరిపోతుంది. ఉద్యోగం ఆశపెట్టి తీసుకెళ్లి మయన్మార్, కంబోడియాల్లోని ఆన్‌లైన్ మోసాల శిబిరాల్లో పడేసినవాడికి చెర అక్కడే మొదలవుతుంది. నువ్వు ఇద్దర్నీ ఒకే గాటన కట్టావు. రెండోవాడు బాధితుడు, కానీ బెదిరింపులకు లొంగి అతను ఎవరిని మోసగించాడో వాళ్ల దృష్టిలో నేరస్థుడు. ముందు ఆ అధ్యాయమే తిరగరాసి పంపు.

ఆశీస్సులతో.