గేమ్ సంగతి సరే, ముందు ఆ తలుపు గడియ తియ్యి

ఉత్తరం చాలా పెద్దది, కుదించి చెప్తున్నా. 34 ఏళ్ళ అబ్బాయి, మియాపూర్‌లో ఫ్లాట్, సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో ఉద్యోగం, భార్య, నాలుగేళ్ళ పాప. పాప పడుకున్నాక రాత్రి పదింటి నుంచి పన్నెండున్నర దాకా పీసీలో గేమ్ ఆడతాడు, ఆడుతూ తెలుగులో కామెంటరీ చెప్పి రికార్డ్ చేసి యూట్యూబ్‌లో పెడతాడు, సబ్‌స్క్రైబర్లు రెండు వేల పైచిలుకు. అమ్మ పోయాక ఏడాదిన్నరగా నాన్న వీళ్ళ దగ్గరే ఉంటున్నారు, తెనాలి వైపు మనిషి, బస్ కండక్టర్‌గా రిటైరయ్యారు. పోయిన నెల ఒక రాత్రి ఈ అబ్బాయి రికార్డింగ్‌లో ఉండగా నాన్న లేచొచ్చి ఇంటి కరెంట్ మెయిన్ ఆపేశారు. రెండు గంటల వీడియో పోయింది. అప్పట్నుంచి తండ్రీకొడుకులకి మాటల్లేవు. అడిగినవి మూడు: ఈ వయసులో ఇది అడిక్షనేనా, పీసీ అమ్మేయాలా, లేదంటే ఆఫీస్ దగ్గర చిన్న రూమ్ అద్దెకి తీసుకుని అక్కడ ఆడుకుని ఇంటికి రావాలా.

బాబూ, ఈ మూడూ ముందు తేల్చేస్తా, తర్వాత అసలు సంగతి మాట్లాడుకుందాం.

అడిక్షన్ కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ గేమింగ్ డిజార్డర్ అని ఒకదాన్ని జబ్బుల జాబితాలో పెట్టిన మాట నిజమే, 2022 నుంచి ఆ జాబితా అమల్లో ఉంది కూడా. కానీ దానికి ఆట మీద అదుపు తప్పాలి, ఉద్యోగం ఇల్లు తిండి నిద్ర అన్నిటికన్నా ఆటే ముందు అయిపోవాలి, నష్టం కళ్ళెదురుగా కనపడుతున్నా ఆపలేకపోవాలి, అదీ మామూలుగా ఏడాదిపాటు అలా సాగాలి. నువ్వు పొద్దున్నే పాపకి జడేసి బస్ ఎక్కిస్తున్నావ్, ఈఎంఐ ఒక్కటి కూడా తప్పలేదని నువ్వే రాశావ్, మీ ఆవిడ "ఆయన బయట తిరిగే రకం కాదు, ఇంట్లోనే ఉంటారు కదా" అంటోందని కూడా రాశావ్. పగలంతా పనిచేసిన మనిషి రాత్రి రెండు గంటలు తనకి నచ్చింది చేసుకుంటే దాన్ని జబ్బనకూడదు. క్రికెట్ చూస్తూ కూర్చునేవాళ్ళని ఎవరూ ఏమీ అనరు, గేమ్ ఆడితే మాత్రం చెడిపోయినట్టు, ఇదేం లెక్కో నాకు అర్థం కాదు. పీసీ అమ్మొద్దు. ఇక రూమ్ సంగతా, అంతకన్నా తెలివితక్కువ ఆలోచన ఈమధ్య నేను వినలేదు. పెళ్ళాం పిల్లలున్నవాడు వేరే రూమ్ తీసుకుని రోజూ అర్ధరాత్రి ఇంటికొస్తుంటే, గేమ్ ఆడి వస్తున్నాడు పాపం అని మీ అపార్ట్‌మెంట్‌లో వాళ్ళు అనుకుంటారా?

ఇప్పుడు అసలు విషయం. నాలుగు పేజీలు గేమ్ గురించి రాసి మధ్యలో ఎక్కడో ఒక్క వాక్యం ఇరికించావ్. ఇంటర్ సెకండియర్‌లో నెట్ సెంటర్‌లో వైస్ సిటీ ఆడుతుంటే మీ నాన్న డ్యూటీ దిగి యూనిఫాంతోనే, భుజానికి టికెట్ల బ్యాగ్‌తోనే వచ్చి, ఫ్రెండ్స్ అందరి ముందు కాలర్ పట్టుకుని బయటికి లాక్కెళ్ళి కొట్టారు అని. రాసి, వెంటనే "అది వేరే విషయం లెండి" అన్నావ్. వేరే విషయం ఎలా అవుతుంది? ఇప్పుడు నీ సొంత ఇంట్లో, నువ్వు ఈఎంఐ కట్టే ఫ్లాట్‌లో, లోపల గడియ పెట్టుకుని, హాల్లోకి వినపడకుండా గొంతు తగ్గించి ఆడుతున్నావ్. నీకు ముప్పై నాలుగేళ్ళు, ఒక పిల్లకి తండ్రివి, ఇప్పటికీ ఎవరో వచ్చి కాలర్ పట్టుకుంటారని తలుపు వైపు చూస్తూ కూర్చుంటున్నావ్. పాపం నాన్న కూడా అదే నెట్ సెంటర్‌లో ఆగిపోయారు, ఆయనకి నువ్వింకా ఫీజు డబ్బులు తగలేసే పిల్లాడివే.

ఆయన వైపు నుంచి కూడా చెప్తా విను, కోప్పడకు. ఆయన రోజూ పేపర్ మొదటి అక్షరం నుంచి చివరిదాకా చదువుతారని రాశావ్. ఆన్‌లైన్ గేముల్లో లక్షలు పోగొట్టుకుని అప్పులపాలైన కుర్రాళ్ళ వార్తలు ఆ పేపర్లో ఎన్నిసార్లు వచ్చుంటాయి? ఆన్‌లైన్ రమ్మీని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి, 2025 ఆగస్టులో కేంద్రం ఏకంగా డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటికీ వ్యతిరేకంగా చట్టమే తెచ్చింది. అదే చట్టం ఈ-స్పోర్ట్స్‌నీ, అంటే పోటీలుగా ఆడే వీడియో గేముల్నీ, మామూలు ఆటల్నీ వేరుగా చూస్తుంది, కానీ ఆ తేడా ఆయనకి ఎవరు చెప్తారు? నువ్వు ఆడే ఎల్డెన్ రింగ్ ఒకసారి కొనుక్కుంటే అయిపోయింది, అందులో పందెం లేదు, పోగొట్టుకోడానికి డబ్బు లేదు. యూట్యూబ్ నుంచి ఇంకా పైసా రాలేదు, ఎదురు పెట్టిందీ లేదు. ఈ నాలుగు ముక్కలు నాన్నకి చెప్పడానికి నీకు ఏడాదిన్నర సరిపోలేదా? గడియ పెట్టుకున్న గదిలో కొడుకు రాత్రిళ్ళు గేమ్ ఆడుతున్నాడంటే ఆయన ఏ వార్త గుర్తుచేసుకుని పడుకుంటారో ఆలోచించు.

నీ వీడియో ఒకటి చూశాను. మా తమ్ముడి కొడుకు పెట్టి చూపించాడు, వాడూ నీలాంటివాడే. బాగా మాట్లాడతావ్, నిజంగా, మలేనియా అనే ఆవిడతో యుద్ధం, ఆవిడ నిన్ను కొట్టిన ప్రతిసారీ ఆవిడ ఒంట్లోకే బలం తిరిగొస్తుందట, చస్తావ్ మళ్ళీ లేస్తావ్ మళ్ళీ చస్తావ్, అయినా విసుక్కోకుండా ఆ కత్తి దెబ్బ ఎప్పుడు వస్తుందో ఎటు దొర్లాలో ఓపిగ్గా చెప్తావ్. గేమ్ నాకేం తెలీదు, మాట నచ్చింది. కానీ మొదట్లోనే ఏమన్నావో తెలుసా, "నమస్తే ఫ్రెండ్స్, ఎలా ఉన్నారు, అందరూ తిన్నారా" అన్నావ్. పక్క గదిలో ఉన్న మనిషి ఇది రోజూ గోడలోంచి వింటున్నాడు. ఆ మనిషి ముప్పై ఏళ్ళపైన రోజుకి కొన్ని వందలమందితో మాట్లాడుతూ బతికినవాడు, చిల్లర గొడవలు పెళ్ళి కబుర్లు దారి పొడుగునా అన్నీ విన్నవాడు, ఇప్పుడు భార్య లేదు, ఊరు లేదు, లిఫ్ట్‌లో ఎదురైనవాళ్ళు కూడా ఫోన్ చూసుకుంటుంటారు. ఉన్న ఒక్క కొడుకు ముక్కూ మొహం తెలీని రెండు వేల మందిని తిన్నారా అని అడుగుతాడు, అన్నం దగ్గర మాత్రం చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని కూర్చుంటాడు. నువ్వే రాశావ్ ఇది కూడా.

ఆ మెయిన్ ఆపేసిన రాత్రి సంగతి చూద్దాం. "నాన్న రెండుసార్లు పిలిచారు, బాస్ ఫైట్ మధ్యలో ఉన్నా, వస్తున్నా నాన్నా అన్నాను" అని రాశావ్. బాస్ ఫైట్ అంటే గేమ్‌లో పెద్ద శత్రువుతో పోరట, ఆ గేమ్‌కి పాజ్ బటన్ ఉండదని మావాడు చెప్పాడు, మధ్యలో లేస్తే చచ్చిపోతారట, ఒప్పుకుంటా. కానీ ఎందుకు పిలిచారో నువ్వు రాయలేదు. నీకు తెలిస్తే కదా రాయడానికి. నెల దాటింది, రెండు గంటల వీడియో పోయిందని నాలుగు పేజీల ఏడుపు ఏడ్చావ్, డెబ్భై దాటిన మనిషి రాత్రి పన్నెండింటికి మంచం దిగి రెండుసార్లు ఎందుకు పిలిచాడని ఒక్కసారి అడగలేదు. నిద్ర పట్టక పిలిచారో, ఛాతీలో మంటగా ఉందో, ఏమీ లేక ఊరికే పిలిచారో. నీ ఉత్తరంలో నాకు బాగా కోపం తెప్పించింది ఇదే.

అలాగని ఆయన చేసింది ఒప్పని నేను అనను. పెద్దవాళ్ళైతే మాత్రం, కొడుకు కోడలు కాపురం చేసుకుంటున్న ఇంట్లో అర్ధరాత్రి మెయిన్ ఆపేసి వెళ్ళి పడుకోవడం ఏంటి, చీకట్లో పసిపిల్ల ఉలిక్కిపడి లేచింది. ఆ మాట ఆయనకి చెప్పాల్సిందే, నువ్వే చెప్పాలి. గౌరవం అంటే దిగమింగుకుని తలుపేసుకోవడం అని మన మగపిల్లలకి ఎవరు నేర్పారో గానీ, అది గౌరవం కాదు, భయం, ఒక్కోసారి పొగరు కూడా.

పొద్దున కాఫీ నువ్వు పట్టుకెళ్ళు, మీ ఆవిడ చేత పంపకు. ముందు "ఆ రోజు ఎందుకు పిలిచావ్ నాన్నా" అని అడుగు, ఆయన చెప్పిందంతా విను, మధ్యలో గేమ్ ఊసెత్తకు. తర్వాత "మెయిన్ మాత్రం ముట్టుకోవద్దు నాన్నా, ఏదన్నా ఉంటే తలుపు తోసుకుని వచ్చెయ్, గడియ ఉండదు" అను, అన్నాక నిజంగానే గడియ తీసెయ్. ఏ రోజు ఆడతావో ఎన్నింటిదాకా ఆడతావో, ఎంత ఖర్చయిందో ఆయనకి చెప్పు, అనుమతి కోసం కాదు, ఒకే ఇంట్లో ఉన్నాం కాబట్టి. నెట్ సెంటర్ సంగతి అదే రోజు ఎత్తకు, కాస్త మాటలు కలిశాక ఎత్తు, కానీ ఎత్తు. నీ మంచికే కొట్టానంటారు, ఆ తరంవాళ్ళ నోటి వెంట సారీ రాదు. రాకపోయినా పర్లేదు, నువ్వు చెప్పావన్నది నీకు మిగులుతుంది.

నాన్నని పక్కన కూర్చోబెట్టుకుని గేమ్ నేర్పించు, వీడియోలో ఆయన్ని కూడా చూపించు, వ్యూస్ వస్తాయి అని నీకు ఎవరో ఒకరు చెప్తారు. నేను చెప్పను. ఆయనకి గేమ్ అక్కర్లేదు, ఆదివారం పొద్దున నీతో కలిసి మార్కెట్‌కి రావడం కావాలి, చేపలు బేరమాడటం ఆయనకి నీకన్నా బాగా వచ్చుంటుంది.

ఇంకో మాట, మీ ఆవిడ గురించి. "మామయ్యగారు అన్నం తినలేదండీ", "మీ అబ్బాయి రేపు లేటుగా వస్తారట మామయ్యగారూ" అని నెల రోజులుగా ఆ పిల్ల మీ ఇద్దరి మధ్య పోస్ట్‌మ్యాన్ డ్యూటీ చేస్తోంది. ఆమె ఎవరితోనూ పోట్లాడలేదు, మొహాలు మాత్రం ఇద్దరివీ చూస్తోంది. ఈ రోజు నుంచి ఆ డ్యూటీ మాన్పించు.

పోయిన వీడియో గురించి మావాణ్ణి అడిగాను. రికార్డింగ్ ఎంపీ4 అనే ఫైల్ రకంలో కాకుండా ఎంకేవీ అనే రకంలో పెట్టుకోమన్నాడు, మధ్యలో కరెంట్ పోయినా అప్పటిదాకా తీసింది ఉంటుందట, చిన్న యూపీఎస్ కూడా ఒకటి కొనుక్కోమన్నాడు. రూమ్‌కి అడ్వాన్స్ గనక ఇచ్చేసుంటే రేపే వెళ్ళి వెనక్కి అడుగు, ఆ డబ్బుతో యూపీఎస్ వచ్చేస్తుంది.