రసీదు అని చెప్పాను

చిన్నీ,

మీ అమ్మ నిన్న ఫోన్ చేసింది. "నీ మేనకోడలు నైరోబీ వెళ్ళి పాటల కంపెనీ పెడుతుందట, నువ్వైనా చెప్పరా" అంది. ఆపమని ఆవిడ ఉద్దేశం. 1984లో నన్నూ ఇలాగే ఆపబోయింది అక్క. నేను ఆగలేదు, నువ్వూ ఆగవు. ఫోన్ పెట్టేశాక పక్కింటి వాళ్ళకి కూడా గొప్పగా చెప్పుకున్నాను. రాత్రికి నువ్వు పంపిన కాంట్రాక్టు చదివాను. ఇక నిద్ర పట్టలేదు.

చిన్న విషయాలు ముందు చెప్పేస్తాను. నీతో హైదరాబాద్‌లో చదువుకున్న ఆ నైరోబీ అమ్మాయికి కాగితం మీద కూడా సగం వాటా ఉండాలి. అక్కడి లాయర్‌నే పెట్టుకోండి. పాట పుట్టగానే కాపీరైట్ దానంతట అదే వస్తుంది, అయినా కెన్యా కాపీరైట్ బోర్డులో నమోదు చేయించండి, రేపు గొడవ వస్తే సాక్ష్యంగా పనికొస్తుంది. పాట హక్కు వేరు, రికార్డింగ్ హక్కు వేరు. రెండూ కలిపి ఒక్క వాక్యంలో రాయొద్దు.

స్టూడియో నుంచి బయటికి రాకముందే ఒక తెల్లకాగితం మీద మాట ఎవరిది, బాణీ ఎవరిది, ఎవరికెంత వాటా అని రాసి అందరిచేతా సంతకాలు పెట్టించు. "మనవాళ్ళమేగా, తర్వాత చూద్దాం" అంటారు. వినకు. 'మలైకా' పాట తూర్పు ఆఫ్రికాలో చిన్నపిల్లలకి కూడా వచ్చు. అది కెన్యా ఫదీలీ విలియమ్‌దా, టాంజానియా ఆడమ్ సలీమ్‌దా అన్న తగువు మాత్రం నేనున్న రోజుల్లోనూ ఉంది, ఇప్పటికీ తెగలేదు.

ఇక నీ కాంట్రాక్టు. ఎక్కడినుంచి దింపావే దాన్ని? "విశ్వమంతటా, శాశ్వతంగా, ఇకముందు కనిపెట్టబోయే అన్ని మాధ్యమాలలోనూ" అట! చంద్రమండలంలో వింటారా ఆ పాటలు? ఇరవై ఏళ్ళ పిల్లాడు గిటార్ పట్టుకుని వస్తే వాడి ముందు పెట్టే కాగితమా ఇది? నవ్వులాటకి అనడం లేదు. ఇలాంటి కాగితం నేనూ ఒకటి టైపు చేశాను.

నైరోబీ రివర్ రోడ్డులో ఒక క్యాసెట్ల కంపెనీలో లెక్కలు రాసేవాణ్ణి. గుమాస్తాని స్వాహిలీలో 'కరానీ' అంటారు. మా తాత కరణీకం చేశాడు కాబట్టి ఆ పిలుపు నాకు భలే నచ్చేది. 1987లో ఒక కుర్రాడు కిసుము వైపు నుంచి రాత్రి బస్సులో వచ్చాడు. బెంగా అని అక్కడి గిటార్ సంగీతం, అది వాయించేవాడు. ఆ గిటార్ మోత విన్నావంటే కాళ్ళు ఊరుకోవు. మధ్యాహ్నంలోగా నాలుగు పాటలు రికార్డు చేశారు. యజమాని నా బల్ల మీద రెండు వేల షిల్లింగులు పెట్టి, "సంతకం తీసుకో" అని భోజనానికి వెళ్ళిపోయాడు.

కాగితం ఇంగ్లీషులో ఉంది. నాలుగు పాటల సమస్త హక్కులూ కంపెనీకి, ఎల్లకాలానికీ. కుర్రాడు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఏం రాసుంది, కరానీ?" అని అడిగాడు.

"డబ్బు ముట్టినట్టు రసీదు" అన్నాను.

నాకు తెలీక కాదు చిన్నీ. టైపు చేసింది నేనేగా. వివరం చెబితే వాడు బేరమాడతాడు, సాయంత్రం అవుతుంది, యజమాని విసుక్కుంటాడు. అంతకు మించిన కారణం లేదు. నాకూ ఆకలేస్తోంది.

రెండో పాట పండింది. ఎన్ని క్యాసెట్లు పోయాయో ఆ లెక్క నా చేతిరాతలోనే ఉండేది. మటాటూల్లో, అంటే అక్కడి చిన్న బస్సుల్లో, ఎక్కడ కూర్చున్నా అదే పాట. రెండేళ్ళకి వాడు మళ్ళీ వచ్చాడు, బిడ్డకి ఒంట్లో బాగోలేదని. ఫైలు తీసి సంతకం చూపించాను. వాడు అరవలేదు. "రసీదన్నావు కదా" అన్నాడు, అంతే. జేబులోంచి రెండు వందలు తీసి ఇచ్చాను. తీసుకుని, లెక్కపెట్టుకుని, నా బల్ల మీది పెన్ను అందుకుని అడిగాడు, "దీనికి కూడా సంతకం పెట్టాలా?"

వెటకారమనుకున్నాను. కాదు, నిజంగానే అడిగాడు.

తర్వాత ఆ కంపెనీ పాటలన్నీ మరొకరికి అమ్మేసింది. కాగితం కూడా వాళ్ళ వెంటే వెళ్ళింది. కెన్యా చట్టం ప్రకారం పాట కట్టినవాడు పోయాక కూడా 50 ఏళ్ళు హక్కు బతికి ఉంటుంది, కానీ వాడి ఇంట్లో కాదు.

దక్షిణాఫ్రికా సాలమన్ లిండా సంగతి నీకు తెలిసే ఉంటుంది. 1939లో జొహానెస్‌బర్గ్‌లో 'ఎంబూబే' పాడాడు. హక్కులు పది షిల్లింగులకి పోయాయి. 'ద లయన్ కింగ్' సినిమా దాకా వెళ్ళిన సింహం పాట అదే. ఆయన 1962లో పేదవాడిగానే పోయాడు. కూతుళ్ళకి న్యాయం జరిగింది 2006లో, అదీ 1911 నాటి బ్రిటిష్ చట్టంలో, రచయిత పోయిన పాతికేళ్ళకి హక్కు వారసులకి తిరిగొస్తుందన్న ఒక్క నిబంధన దొరికింది కాబట్టి. మన 1957 చట్టం వచ్చేదాకా ఆ చట్టం ఇక్కడా ఉండేది. కాగితంలో గడువు రాయకపోతే అయిదేళ్ళేనని మన చట్టంలో ఉంది. దాని నీడ నైరోబీ దాకా పడదు. అందుకని గడువు నువ్వే రాయి. అయిదేళ్ళో ఏడేళ్ళో, ఆ తర్వాత పాట వాళ్ళకే తిరిగి వెళ్ళేట్టు.

2022లో కెన్యాలో చట్టం మార్చి, కాలర్ ట్యూన్ డబ్బులో కళాకారుడికో హక్కుదారుకో 52 శాతానికి తగ్గకూడదన్నారు. ఆ హక్కుదారెవరో తేల్చేది మళ్ళీ నీ కాగితమే. ఒక కాపీ స్వాహిలీలో రాయించు. చదివి వినిపించు. రెండు రోజులు ఇంటికి తీసుకెళ్ళి ఎవరికైనా చూపించుకోమను. ఆకలి మీద ఎవరిచేతా సంతకం పెట్టించొద్దు, నువ్వు ఆకలి మీద ఉన్నప్పుడూ వద్దు.

స్వాహిలీలో కాపీరైట్‌ని 'హాకిమిలికి' అంటారు. 'హాకి' అంటే మన హక్కే. అరబ్బుల నుంచి వాళ్ళకీ మనకీ ఒకే మాట వచ్చింది. మూడేళ్ళు ఆ మాట రోజూ వింటూ ఆ పని చేశాను నేను.

ఎక్కువ తిట్టానా? నీ మీద నమ్మకం లేక కాదమ్మా. నీకు ఆ పిల్లల మీద ప్రేముంది, నాకు తెలుసు. నాక్కూడా ఆ పాటంటే ఇష్టమే ఉండేది.

జూలైలో నైరోబీ చలి నువ్వు అనుకున్నట్టుండదు, స్వెట్టర్లు రెండు పెట్టుకో. ఆవకాయ అత్తయ్య కడుతోంది. కాంట్రాక్టు మార్చి మళ్ళీ పంపు. కిసుము వైపు వెళ్ళే పని పడితే ముందు నాకు ఫోన్ చెయ్యి. ఆ రెండో పాట పల్లవి నాకింకా వచ్చు, పాడి వినిపిస్తాను. అక్కడ ముసలివాళ్ళనెవరినైనా అడిగి చూడు.

మీ మామయ్య