బొమ్మలు గోడకెక్కించే ముందు

అమ్మలూ,

నీ ల్యాండ్‌స్కేప్ ఫోటోలు, నీ స్నేహితురాలి అబ్‌స్ట్రాక్ట్ పెయింటింగులు ఒకే హాల్లో ఎగ్జిబిషన్ పెడుతున్నారని తెలిసి చాలా సంతోషించాను. ముప్పై ఏళ్లు గ్యాలరీల్లో ఇతరుల బొమ్మలు గోడలకి ఎక్కించినవాణ్ణి. ఎలా సర్దాలో నువ్వు అడిగావు కాబట్టి తెలిసింది రాస్తున్నాను.

నువ్వు పంపిన నలభై ఫోటోలూ ఫోన్లో చూశాను. అన్నీ బాగున్నాయి. కానీ ఫోన్లో ఏ ఫోటోనైనా జానెడు దూరం నుంచే చూస్తాం, అన్నీ ఒకే సైజు, అన్నిటికీ వెనక నుంచి వెలుతురు. గోడ మీద అలా కుదరదు. ఒక బొమ్మ గుమ్మంలోంచే పిలుస్తుంది, ఇంకొకటి ముఖం దగ్గరగా పెట్టేదాకా ఏమీ చెప్పదు. ఎగ్జిబిషన్ పెట్టడమంటే నా లెక్కలో ఆ దూరాలు సర్దడమే.

అందుకని సెలెక్షన్ స్క్రీన్ మీద చెయ్యకు. అన్నిటికీ చిన్న ప్రింట్లు వేయించి నేల మీద పరిచి, రెండు మూడు రోజులు వాటి మధ్యే తిరుగు. పొగమంచులో ఒంటరి చెట్టు నీకు నాలుగు ఫోటోల్లో ఉంది. నాలుగూ మంచివే, అయినా మూడు తీసెయ్. నాలుగోదాని దగ్గరికొచ్చేసరికి చూసేవాళ్ల అడుగు ఆగదు.

ప్రింటు సైజు సంగతి. నీ కెమెరా 24 మెగాపిక్సెల్ అన్నావు, అంటే అడ్డంగా 6000 పిక్సెళ్లు. అంగుళానికి 300 పిక్సెళ్ల చొప్పున వేస్తే 20 అంగుళాల వెడల్పు వస్తుంది, 200కి దిగితే 30. అంతకన్నా పెంచినా దూరం నుంచి బాగానే ఉంటుంది. కానీ ల్యాండ్‌స్కేప్ చూసేవాళ్లు దూరంగా ఆగరు. ముందు కొండని చూస్తారు, తర్వాత దగ్గరికొచ్చి ఆ కొండ మీద మేకని వెతుక్కుంటారు. అక్కడ మసక చుక్క ఉంటే వాళ్ల ఉత్సాహం చప్పబడిపోతుంది. ఫైనల్ ప్రింటుకి ముందు ఒక పట్టీ అంత టెస్ట్ ప్రింట్ వేయించి, హాల్లో ఉండే లైటు కిందే చూడు. స్క్రీన్ వెలుతురు ఎక్కువ పెట్టుకుని ఎడిట్ చేస్తే కాగితం మీద ఫోటో నల్లబడుతుంది.

అమెరికన్ ఫోటోగ్రాఫర్ ఆన్సెల్ ఆడమ్స్ 1941లో, ఒక ఊరి మీద చంద్రుడు కనపడుతుండగా తీసిన ‘మూన్‌రైజ్, హెర్నాండెజ్’కి ఉన్నది ఒకే ఒక్క నెగటివ్. రెండోది తీసేలోగా ఆ ఊరి శ్మశానంలోని శిలువల మీద ఎండ జారిపోయింది. ఆ ఒక్క నెగటివ్ నుంచే దశాబ్దాల పాటు ప్రింట్లు వేశారు. తొలి ప్రింట్లలో ఆకాశం లేతగా ఉంటుంది, తర్వాతి వాటిలో దాదాపు నలుపు. నెగటివ్‌ని రాసుకున్న స్వరాలతో, ప్రింటుని కచేరీతో పోల్చేవారాయన. నువ్వూ ప్రింటుని అంత పట్టించుకోవాలని నా ఆశ.

ఇక గోడ. మామూలుగా బొమ్మ మధ్యభాగం నేల నుంచి 57 అంగుళాల ఎత్తులో వచ్చేలా పెడతారు, మనిషి కంటి ఎత్తు సుమారు అంతే కాబట్టి. మేకు ఎక్కడ కొట్టాలో కాగితం మీద లెక్క వేసుకో. ఫ్రేము ఎత్తు 30 అంగుళాలు అనుకో, సగం 15. వెనకాల వేలాడదీసే వైరుని వేలితో పైకి లాగి పడితే పై అంచుకి 3 అంగుళాలు కింద ఆగింది. 57కి 15 కలిపి 3 తీసేస్తే 69. మేకు అక్కడ. ఒకటి కాకుండా రెండు మేకులు కొడితే ఫ్రేము ఒరగదు. రసమట్టం చేతిలోనే ఉంచుకో. నీ ఫోటోల్లో నీళ్లూ ఆకాశం కలిసే గీత ఉంది. ఫ్రేము కాస్త వాలినా సముద్రం ఒలికిపోతున్నట్టు ఉంటుంది. మేకుల కన్నా ముందు ఫ్రేముల సైజుకి బ్రౌన్ పేపర్లు కత్తిరించి మాస్కింగ్ టేపుతో అంటించు. ఎన్నిసార్లు మార్చుకున్నా గోడ పాడవదు.

పెయింటింగులకి ఈ 57 లెక్క గుడ్డిగా వాడకండి. 1961లో లండన్ వైట్‌చాపెల్ గ్యాలరీ ఎగ్జిబిషన్ కోసం అమెరికన్ చిత్రకారుడు మార్క్ రోత్కో తన పెద్ద కాన్వాసులు నేలకి వీలైనంత దగ్గరగా, కుదిరితే 6 అంగుళాలకి మించని ఎత్తులో పెట్టమని రాసిచ్చారు. లైటు కూడా ఎక్కువ వద్దన్నారు. ఎదురుగా నిలబడిన మనిషికి పాదాల దగ్గర నుంచి తల పైదాకా రంగే కనపడుతుంది. మీ ఆరడుగుల ఎర్ర కాన్వాసుని కిందికి దించి చూడండి. ఆ గోడ మొత్తం దానికే వదిలెయ్యండి, పక్కన చిన్న ఫోటో ఇరికించొద్దు.

ఇద్దరివీ కలిపి పెట్టేటప్పుడు చాలామంది నీలం సముద్రం పక్కన నీలం పెయింటింగు పెడతారు. నువ్వు ఆ పని చెయ్యకు తల్లీ. చూసేవాళ్లు ‘ఓహో, ఇదీ సముద్రమే’ అనుకుని పెయింటింగుని వదిలేసి కదిలిపోతారు. మన దేశపు చిత్రకారుడు వి.ఎస్. గాయ్‌తోండే తన పనిని అబ్‌స్ట్రాక్ట్ అనడానికి కూడా ఒప్పుకోలేదు, నాన్ ఆబ్జెక్టివ్, అంటే ఏ వస్తువునీ చూపించనిది, అనేవారు. అలాంటి కాన్వాసు పక్కన సముద్రాన్ని పెడితే, చిత్రకారుడు వద్దనుకున్న వస్తువుని మనం తెచ్చి అంటగట్టినట్టే. రంగు కలిసిందా అని కాకుండా, బొమ్మలో బరువు ఎటుంది, గీత ఎటు నడుస్తోంది అని చూసుకో.

జర్మన్ ఫోటోగ్రాఫర్ ఆండ్రియాస్ గుర్‌స్కీ 1999లో చేసిన ‘రైన్ 2’ చూడు. రైన్ నది, గట్టు, ఆకాశం, అంతే. అడ్డొచ్చిన కట్టడాన్నీ మనుషుల్నీ కంప్యూటర్లో తీసేశారు. ఫ్రేముతో కలిపి మూడున్నర మీటర్ల వెడల్పు దాటే ఆ ఫోటో దూరం నుంచి ఆకుపచ్చ, బూడిదరంగు పట్టీలు, దగ్గరికెళితే గడ్డి. నీ దగ్గరా అలాంటిది ఒకటుంది, పైనుంచి తీసిన దున్నిన పొలం. ఫోటోలు అయిపోయి పెయింటింగులు మొదలయ్యే మూలలో దాన్ని పెట్టు.

లైటు విషయంలో నాకు తగిలిన దెబ్బ ఒకటి చెప్తాను. ఒకసారి రాత్రిపూట తీసిన ఫోటోలు, బాగా నల్లటివి, మామూలు అద్దం వేసి కిటికీల ఎదురు గోడకి పెట్టాను. సర్దింది సాయంత్రం, అంతా అద్భుతంగా ఉంది. మర్నాడు పగలు ఒక్క కొండ కనపడితే ఒట్టు. ప్రతి అద్దంలో కిటికీ, దాని ముందు నిలబడ్డవాళ్ల మొహం. ఆ ఫోటోగ్రాఫర్ ఏమీ అనలేదు, కానీ ఆ మొహం నాకింకా గుర్తుంది. నీ ముదురు ఫోటోలు కిటికీ ఉన్న గోడకే పెట్టు, లేదా మెరవని అద్దం వేయించు. స్పాట్ లైటుని నిలువు నుంచి 30 డిగ్రీలు వాల్చితే కంటికి కొట్టదు. సర్దాక పగలొకసారి, రాత్రొకసారి చూడు.

ఓపెనింగ్ రోజు పెయింటింగు ముందు ఎవరో ఒకరు ‘ఇందులో ఏముందమ్మా’ అని తప్పకుండా అడుగుతారు. ‘మీకేం అనిపిస్తే అదే’ అని తప్పించుకోవద్దని నీ స్నేహితురాలికి చెప్పు. అడిగిన మనిషి నిజంగా తెలుసుకోవాలనే అడుగుతున్నారు. ముందు ఏ రంగు పూసింది, ఎక్కడ కత్తితో గీకేసింది, కింది పొర ఎక్కడ బయటపడింది, వేలితో చూపిస్తే చాలు. వాళ్లే ఒకడుగు ముందుకేస్తారు. నీ ఫోటోల కింద చోటు, సంవత్సరం రాయి. కవిత్వం వద్దు.

ఇప్పుడు గోడల కొలతలు తీసి పంపు. కిటికీలు, ప్లగ్గులు, ఏసీ ఎక్కడున్నాయో కూడా గుర్తు పెట్టు. బ్రౌన్ పేపర్లు అంటించాక గుమ్మంలో నిలబడి వీడియో తీసి పంపితే, ఫోన్లో మాట్లాడుకుంటూ సర్దుదాం.

మామయ్య