ప్రార్థన మీరు చేయండి, మాత్ర ఆయన్ని వేసుకోనివ్వండి

మీ చర్చి సంఘంలో ఒకాయనకు హెచ్‌ఐవీ ఉందని తెలిసిందనీ, ప్రార్థన చేయడం తప్ప మనమేం చేయగలమని పెద్దలంటున్నారనీ రాశారు. చేయగలిగినవి చాలా ఉన్నాయి. చేయకూడనివీ ఉన్నాయి, నన్నడిగితే ముందు అవే తెలియాలి. మా అన్నయ్య విషయంలో నేను రెండూ చూశాను.

అన్నయ్యకు పాజిటివ్ అని వచ్చినప్పుడు వదినకూ నాకూ కాక, బయటివాళ్లలో మా పాస్టర్ గారికి ఒక్కరికే చెప్పాడు. ఆ ఆదివారమే ప్రార్థన అంశాలు చదువుతూ ఆయన, "ఈమధ్యే ఉద్యోగం మారిన మన సహోదరుడొకరు భయంకరమైన జబ్బుతో పోరాడుతున్నారు" అన్నారు. పేరు చెప్పలేదు, చెప్పాల్సిన పని కూడా లేదు. ఈమధ్య ఉద్యోగం మారింది ఒక్క మా అన్నయ్యే. ఆయన ప్రేమతోనే అన్నారని నాకు తెలుసు. కానీ మరుసటి నెల ప్రభు బల్ల దగ్గర, అంటే అందరం ఒకే గిన్నెలోంచి ద్రాక్షరసం తాగే ఆరాధనలో, అన్నయ్య తాగిన గిన్నె పక్కవాళ్లు ముట్టుకోలేదు. ఒకే గిన్నెలో తాగితే హెచ్‌ఐవీ రాదు, ఉమ్మి వల్ల రాదు, పక్కన కూర్చుంటే అసలే రాదు. ఈ మాట ఆ రోజు అక్కడ ఒక్కరు పైకి అన్నా అన్నయ్య రావడం మానేసేవాడు కాదేమో.

అసలు దెబ్బ ఆ తర్వాత తగిలింది. ఏడాదిపాటు హెచ్‌ఐవీని అదుపులో ఉంచే ఏఆర్‌టీ మందులు వాడాక, రక్తంలో వైరస్ ఎంత ఉందో చూసే వైరల్ లోడ్ పరీక్షలో వైరస్ కనబడలేదని రిపోర్టు వచ్చింది. ఎవరో అతన్ని ఒక స్వస్థత కూటానికి తీసుకెళ్లారు. అక్కడి బోధకుడు ఆ కాగితం పైకెత్తి చూపించి, అన్నయ్య చేత సాక్ష్యం చెప్పించాడు. ఇక మందులెందుకు, విశ్వాసం లేదా అన్నాడు. అన్నయ్య ఆపేశాడు.

దీని గురించి కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే చదువుకున్నవాళ్లు కూడా ఇక్కడే పొరబడుతున్నారు. మందులు వైరస్ పెరగకుండా ఆపుతాయి, పూర్తిగా తుడిచేయవు. కొంత వైరస్ కొన్ని రోగనిరోధక కణాల్లో నిద్రపోతున్నట్టు దాక్కుని ఉంటుంది. అందుకే రక్తంలో కనబడకపోయినా మందు ఆపితే సాధారణంగా కొన్ని వారాల్లోనే మళ్లీ లేస్తుంది. అలా వేసుకుంటూ ఆపుతూ ఉంటే ఆ మందుకు లొంగని రకం తయారయ్యే ప్రమాదం కూడా ఉంది. కనబడలేదు అనే ఆ రిపోర్టు మందు పనిచేస్తోందని చెప్పే కాగితం. దాన్ని మందు అక్కర్లేదనడానికి సాక్ష్యంగా వాడారు! నాలుగైదు నెలలకే అన్నయ్యకు టీబీ వచ్చింది.

అతన్ని లేపి నిలబెట్టింది కూడా మా సంఘంలో మనిషే. స్త్రీల సమాజంలో ఒక పెద్దావిడ. ఇంటికొచ్చి గంటసేపు ఏవేవో కబుర్లు చెప్పి, వెళ్లే ముందు అన్నయ్య ఫోన్ అడిగి రాత్రి తొమ్మిదికి అలారం పెట్టించింది. "ప్రార్థన నేను చేస్తా, మాత్ర నువ్వు వేసుకో. దేవుడు బాగుచేసిన రోజున ఆపమని డాక్టరే చెప్తాడు, అప్పటిదాకా మింగు" అంది. వదినకు ఒంట్లో బాగాలేని నెలల్లో ఏఆర్‌టీ సెంటరుకు తోడుగా వెళ్లింది కూడా ఆవిడే. ఎవరైనా ఎందుకని అడిగితే తన బీపీ మాత్రల కోసమనేది. ఆ అబద్ధానికి దేవుడు ఏమీ అనుకోడులే అని నాతో నవ్వింది.

ఇలాంటివాళ్లు ఎక్కడైనా, ఏ మతంలోనైనా ఉన్నారు. ఉగాండాలో గిడియన్ బ్యాముగీషా అనే ఆంగ్లికన్ ఫాదర్ తనకు హెచ్‌ఐవీ ఉందని 1992లోనే బహిరంగంగా చెప్పారు. అప్పటికి ఇప్పుడున్న మందులు లేవు, బయటపడితే మిగిలేది అవమానమే. ఆ దేశంలోనే ముస్లిం డాక్టర్ల సంఘం ఇమామ్‌లకు శిక్షణ ఇచ్చి ఇంటింటికీ పంపింది. థాయ్‌లాండ్‌లో బౌద్ధ భిక్షువులు హెచ్‌ఐవీ ఉన్నవాళ్లు వండిన అన్నాన్ని అందరి ముందూ భిక్షగా తీసుకుని తిన్నారు. నాకు బాగా నచ్చింది ఇదే. మా పాస్టర్ గారు ఆ రోజు అన్నయ్య తర్వాత ఆ గిన్నె తీసుకుని తాగి ఉంటే పది ప్రసంగాల పని అయిపోయేది.

మీ విషయానికొస్తే, ఎవరెవరికి తెలియాలో ముందు ఆయన్నే అడగండి. ఆయన వద్దంటే పేరు లేకుండా కూడా ప్రార్థన అంశాల్లో పెట్టొద్దు. భార్య ఉంటే ఆవిడ పరీక్ష చేయించుకునేలా చూడండి, కానీ ఆ మాట చెప్పాల్సింది ఆయనే, కౌన్సిలర్ సాయంతో. సరిగా మందులు వాడి వైరల్ లోడ్ కనబడనంతగా నిలబడితే భార్యాభర్తల కలయిక వల్ల హెచ్‌ఐవీ సోకదు. హెచ్‌ఐవీ ఉన్న గర్భిణికి చికిత్స లేకపోతే బిడ్డకు సోకే అవకాశం 15 నుంచి 45 శాతం, సరైన చికిత్సతో 5 శాతం లోపే. ఈ రెండు సంగతులూ తెలిశాక వదిన ముఖంలో టెన్షన్ సగం తగ్గడం నేను చూశాను. కండోమ్ మాట ఎత్తడానికి మీ పెద్దలు ఇబ్బంది పడతారు, ఎవరి సంఘంలోనైనా అంతే. వాళ్లు మాట్లాడకపోయినా పర్లేదు, మాట్లాడగల ఆరోగ్య కార్యకర్తను ఒకసారి పిలవమనండి.

అన్నయ్య ఇప్పుడు బాగున్నాడు, మళ్లీ మందిరానికి వస్తున్నాడు. ప్రభు బల్ల రోజు మాత్రం ఇప్పటికీ చివరి బెంచీలోనే, అందరూ తీసుకున్నాక గిన్నె అందుకునేలా కూర్చుంటాడు. ఆ పెద్దావిడ అతని పక్కన, ఇంకా చివరగా కూర్చుంటుంది.