ముప్పై-నలభై సైటులో మండువా కుదురుతుందా?

ప్రశ్న: బెంగళూరులో 30×40 అడుగుల సైటులో ఇల్లు కడుతున్నాం. ఊళ్లోలా మండువా (ఇంటి నడుమ పైకప్పు లేని చోటు), వీధి అరుగు ఉండాలని అత్తయ్యగారి కోరిక. వాన ఇంట్లోకొస్తుంది, చోటు దండగ అంటున్నారు ఇంజినీరు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, మారతహళ్లి

జవాబు: కుదురుతుంది. పాత లోగిలి కొలతలు మాత్రం పక్కన పెట్టండి. చూరుల మధ్య 6×6 అడుగుల ఖాళీ చాలు. కింద తొట్టిని నడవా కన్నా 6 అంగుళాలు దించి, నీళ్లు పోయే జాలీ వైపు అంగుళం వాలు ఇవ్వండి. వాన లోపలికి రావడానికి అసలు కారణం ఆకులు అడ్డుపడిన జాలీ. అందుకే 4 అంగుళాల గొట్టం ఒకటి తొట్టి అడుగున, మరొకటి 3 అంగుళాల ఎత్తున పొంగునీటికి పెట్టించండి. రాయి పరిచేముందు వాటర్‌ప్రూఫింగ్ మీద 48 గంటలు నీళ్లు నిలిపి చూడాలి. మేస్త్రీలు తొందరపెడతారు, ఒప్పుకోవద్దు. మండువాలో పడే వాననీటిని డ్రైనేజీలో కలపకుండా, వడపోసి సంపులోకి పంపండి. ఏడాదికి సుమారు 3,000 లీటర్లు. 1,200 చదరపు అడుగుల సైటులో కొత్త ఇంటికి వాననీటి సేకరణ ఇక్కడ ఎలాగూ తప్పనిసరి.

పైన పాలికార్బనేట్ షీటుతో పూర్తిగా మూస్తే వేడిగాలి పోదు, మండువా కాస్తా ఉక్కపెట్టె అవుతుంది. షీటు తప్పదనుకుంటే అడుగు ఎత్తున లేపి, పక్కలు దోమల జాలీతో వదలండి. తులసికోట జాలీ దగ్గర వద్దు, మట్టి కొట్టుకొచ్చి పూడుతుంది.

అరుగు 18 అంగుళాల ఎత్తు, రెండున్నర అడుగుల వెడల్పు. మీ హద్దులోనే, వీధి కాలువ మీద కాదు. గుమ్మం ముందు నున్నటి గ్రానైటు వేయకండి: ముగ్గు నిలవదు, తడిస్తే కాలు జారుతుంది. బెంగళూరు దగ్గర దొరికే గరుకు సాదరహళ్లి రాయి మేలు.